దారుల్‌షిఫా... పేరులో మిగిలిన పెద్ద దవాఖానా

హైదరాబాద్ నగరానికి నాలుగేళ్ల వయసున్నప్పుడు కట్టిన ఆస్పత్రి అది. వైద్యం ఉచితం, మందులు ఉచితం. ఇప్పుడక్కడ రోగుల్లేరు, హకీంలు లేరు. ఇంటి చిరునామాల్లో, బస్సు కండక్టర్ల కేకల్లో పేరు మాత్రం ఉంది. దానికి కూతవేటు దూరంలోనే దేశం గర్వించే మ్యూజియం. ఒకే రోజులో రెండూ చూసొస్తే..?

వర్ని చుట్టుపక్కల పల్లెల్లో ఒంట్లో బాగోలేకపోతే ముందు ఊళ్లో డాక్టరు. తగ్గకపోతే బోధన్. అక్కడా కాదంటే నిజామాబాద్ పెద్దాసుపత్రి. అదీ దాటితే ఒకటే మాట... ‘పట్నం తీసుకుపోండి’. అలా బయల్దేరిన కుటుంబాల్లో ఎంతోమందికి బాగా తెలిసిన చోటు అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా. లోపల రోగి, బయట చెట్టు నీడన సద్దిమూట విప్పుకున్న బంధువులు. మందుల చీటీ పట్టుకుని తిరిగే హడావుడిలో మూసీ అవతలి ఒడ్డున ఏముందో చూసే తీరిక ఎవరికి ఉంటుంది?

తీరిక చేసుకుని నది దాటితే మాత్రం ఓ ముచ్చట తెలుస్తుంది. హైదరాబాద్ వైద్యం కథ ఉస్మానియాతో మొదలు కాలేదు. అంతకు మూడు వందల ఏళ్లకు ముందే అవతలి ఒడ్డున ఓ దవాఖానా ఉంది. ఆ దవాఖానా పేరే ఆ పేటకు స్థిరపడిపోయింది. అదే దారుల్‌షిఫా!

స్వస్థత దొరికే ఇల్లు

‘దార్’ అంటే ఇల్లు. ‘షిఫా’ అంటే స్వస్థత. రెండూ కలిపితే దారుల్‌షిఫా... జబ్బు నయమయ్యే ఇల్లు. రోగాన్ని గుర్తుచేసే పేరు కాదు, నయమవుతుందని ధైర్యం చెప్పే పేరు.

గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల్లో ఐదోవాడు మహమ్మద్ కులీ కుతుబ్‌షా. కోటలో జనం కిక్కిరిసిపోవడంతో 1591లో మూసీకి దక్షిణాన కొత్త నగరానికి పునాది వేశాడు. మధ్యలో చార్మినార్, దాని నాలుగు వైపులా నాలుగు దారులు, దారుల వెంట బజార్లు, మసీదులు, స్నానశాలలు, తోటలు. నగరం ఎలా ఉండాలో ముందే గీసుకున్న ఆ ప్రణాళిక వెనుక ఆయన ప్రధాని మీర్ మోమిన్ ఆస్త్రాబాదీ ఉన్నాడని చరిత్రకారులు చెబుతారు. ఊరంటే అంగళ్లూ మేడలే కాదు, జబ్బు చేస్తే చూసే చోటు కూడా ఉండాలనుకున్నారు. 1595లో ఆస్పత్రి లేచింది. చార్మినార్‌కు ఈశాన్యంగా, నదికి దగ్గర్లో.

కట్టడం తీరు చూస్తే ఇప్పటి ఇంజినీర్లూ మెచ్చుకుంటారు. మధ్యలో విశాలమైన ఖాళీ ఆవరణ. దాని నాలుగు వైపులా రెండంతస్తుల్లో వరసగా గదులు. ప్రతి గదికీ ఆవరణ వైపు తెరుచుకునే కమాను. ఏ గదిలో పడుకున్న రోగికైనా వెలుతురూ గాలీ అందుతాయి. మధ్యలో నిలబడిన వైద్యుడికి గదులన్నీ కనిపిస్తాయి. ఫ్యాన్లూ దీపాలూ లేని కాలంలో ఇంతకన్నా మంచి వార్డు ఎలా కడతారు?

వైద్యం యునాని పద్ధతిలో జరిగేది. యునాని అంటే గ్రీకు అని అర్థం. గ్రీకు వైద్యుల జ్ఞానం అరబ్బు, పారశీక పండితుల చేతుల్లో పెరిగి, మధ్య ఆసియా మీదుగా దక్కన్‌కు చేరింది. ఒంట్లో రక్తం, శ్లేష్మం, పచ్చపిత్తం, నల్లపిత్తం అనే నాలుగు రసాలు సమంగా ఉంటే ఆరోగ్యం, తూకం తప్పితే రోగం అన్నది దాని మూలసూత్రం. హకీం ముందు నాడి పట్టుకుంటాడు. తిండి, నిద్ర, మనసు ఎలా ఉన్నాయో అడుగుతాడు. ఆ తర్వాతే మందు. మన ఊళ్లలో వాతం, పిత్తం, కఫం అంటూ నాడి చూసే ఆయుర్వేద వైద్యుడికీ ఆ హకీంకూ మాటలు కలవడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు.

ఇక్కడి హకీంలకు జీతాలు రాజు ఖజానా నుంచే. రోగులు ఉండటానికి గదులు, తినడానికి పథ్యం, వాడటానికి మందులు... దేనికీ పైసా తీసుకునేవారు కాదు. వైద్యం నేర్చుకునేవారికి పాఠాలూ ఇక్కడే. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే బోధనాసుపత్రి అన్నమాట!

ఆవరణలో పీర్లు

1687లో ఔరంగజేబు సేనల చేతిలో గోల్కొండ పడిపోయింది. రాజు పోయాడు, ఖజానా పోయింది. ఖజానా మీదే బతికిన దవాఖానాకు ఆ తర్వాత మునుపటి వైభవం లేదు. కాలంతోపాటు కట్టడమూ చిక్కిపోయింది. చుట్టూ ఇళ్లూ దుకాణాలూ అల్లుకున్నాయి. ఒకప్పటి నాలుగు వరసల గదుల్లో కొంత భాగమే ఇప్పుడు కంటికి ఆనుతుంది.

అయితే ఆ ఆవరణ అనాథ కాలేదు. దాన్ని నిలబెట్టింది భక్తి. లోపల ‘సర్‌తౌఖ్’ పేరుతో ఆశూర్‌ఖానా ఉంది. ఆశూర్‌ఖానా అంటే మనకు కొత్తేం కాదు. పల్లెల్లో పీర్లను నిలిపే పీర్ల కొట్టం లాంటిదే. ‘తౌఖ్’ అంటే మెడకు వేసే ఇనుప సంకెల. ఇమామ్ హుస్సేన్ కుమారుడు ఇమామ్ జైనుల్ ఆబిదీన్‌ను కర్బలా యుద్ధం తర్వాత బంధించి తీసుకెళ్లినప్పుడు వేసిన సంకెల ముక్క ఇక్కడి పీరులో ఉందని భక్తుల నమ్మకం.

ఇక్కడే ఓ విశేషం. కర్బలా యుద్ధం జరిగిన రోజున ఆ ఇమామ్ తీవ్రమైన జ్వరంతో మంచం పట్టి ఉన్నారు. అందుకే ఆయన్ని ‘బీమార్-ఎ-కర్బలా’ అంటారు... కర్బలాలోని రోగి అని. రోగుల కోసం కట్టిన ఆవరణలో చివరికి నిలిచింది రోగిగా పేరుపడ్డ ఇమామ్ స్మృతి! హకీంలు వెళ్లిపోయినా స్వస్థత కోరి వచ్చేవాళ్లు మాత్రం ఆగలేదు. వర్ని దగ్గర బడాపహాడ్ గుట్టెక్కి మొక్కులు చెల్లించుకునేవారికి ఆ నమ్మకం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. అక్కడా ఇక్కడా మతంతో పనిలేదు. ఆపద తీరాలంతే.

ముహర్రం రోజుల్లో దారుల్‌షిఫా రూపమే మారిపోతుంది. నల్ల దుస్తుల్లో వేలమంది వస్తారు. పదో రోజున డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద బయల్దేరే బీబీ కా ఆలం ఊరేగింపు చార్మినార్ మీదుగా సాగి, దారుల్‌షిఫా దాటి చాదర్‌ఘాట్ చేరుతుంది. కట్టడాన్ని తీరిగ్గా చూడాలనుకునేవారు మాత్రం మామూలు రోజుల్లో వెళ్లడమే మేలు. చెప్పులు విడిచి, అక్కడివారిని అడిగి లోపలికి వెళ్లాలి. మధ్యలో నిలబడి చుట్టూ చూస్తే మిగిలిన కమానులను బట్టి పాత వార్డుల వరస ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. పిల్లలుంటే వాళ్లనే లెక్కపెట్టమనండి, ఎన్ని గదులు పోయి ఉంటాయో!

పక్కనే ప్రపంచం

అక్కడి నుంచి నాలుగడుగులు నది వైపు వేస్తే సాలార్‌జంగ్ మ్యూజియం. చిరునామాలో ఇప్పటికీ దారుల్‌షిఫా అనే ఉంటుంది. ఆస్పత్రి పేరు మోస్తున్న పేటలో కళల కొలువు!

ఇది ప్రధానంగా ఒక్క మనిషి సేకరణ. మీర్ యూసఫ్ అలీఖాన్... మూడో సాలార్‌జంగ్. 1889లో పుట్టాడు. తాత, తండ్రి నిజాం దగ్గర దివాన్లు. తానూ 1912లో ఆ పదవి చేపట్టాడు గానీ 1914లోనే వదిలేశాడు. పెళ్లి చేసుకోలేదు. వచ్చిన ఆదాయమంతా బొమ్మలకీ చిత్రాలకీ పుస్తకాలకీ పోశాడు. ఆయన వస్తువులు కొంటాడని తెలిసి దేశదేశాల వ్యాపారులు గుమ్మం ముందు వాలేవారు. 1949లో ఆయన కన్నుమూసేనాటికి దివాన్ దేవిడీ భవనం ఇల్లో గోదామో తెలియనట్టు నిండిపోయింది. 1951 డిసెంబరు 16న ప్రధాని నెహ్రూ ఆ ఇంటినే మ్యూజియంగా ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాధాన్యమున్న సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది.

నలభై వేలకు పైగా కళాఖండాలు. ఒక్కరోజులో అన్నీ చూడటం ఎవరి తరమూ కాదు. అందుకే పిల్లలతో వెళ్లేవారు కొన్నింటిని ఎంచుకోవడం మంచిది. ముందుగా ముసుగు రెబెకా. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నాడు. మొహం మీద ముసుగు కూడా రాయే. కానీ దగ్గరికెళ్లి చూస్తే తడిసిన పల్చటి బట్టలా ముక్కూ పెదవులూ కనిపిస్తాయి. తర్వాత ఒకే దుంగలో చెక్కిన ఇద్దరు... ముందు నుంచి చూస్తే పొగరుగా నిలబడ్డ మెఫిస్టోఫెలిస్, వెనకున్న అద్దంలో చూస్తే తల వంచుకున్న మార్గరెట్టా. ఇక గంటల గడియారం సంగతి సరేసరి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన భాగాలతో కలకత్తాలో కూర్చిన గడియారం. గంట కొట్టే సమయానికి బుల్లి మనిషి తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికెళ్లిపోతాడు. పన్నెండింటికి వెళితే పన్నెండు దెబ్బలు. అప్పుడు అక్కడ కాలు పెట్టే చోటుండదు!

దవాఖానా చూసి వచ్చినవారి కళ్లకు ఇంకొన్ని వస్తువులు వేరేగా కనిపిస్తాయి. చైనా గ్యాలరీలో లేత ఆకుపచ్చ రంగు సెలడాన్ పింగాణీ పళ్లేలున్నాయి. విషం కలిసిన అన్నం వడ్డిస్తే ఆ పళ్లెం రంగు మారుతుందనో, పగులుతుందనో పాత రాజులు నమ్మేవారు. అందానికే కాదు, ప్రాణభయానికీ కొన్నవన్నమాట. మ్యూజియం గ్రంథాలయంలో వేలాది అరబ్బీ, పారశీక, ఉర్దూ రాతప్రతులున్నాయి. వాటిలో వైద్యశాస్త్రానివీ ఉన్నాయి. పక్క పేటలో హకీంలు రోగుల మీద ప్రయోగించిన విద్య, ఇక్కడ కాగితం మీద పదిలంగా ఉంది.

చూడబోతే దారుల్‌షిఫా రెండు ముక్కలుగా విడిపోయినట్టు ఉంటుంది. గోడలు ఒకచోట, జ్ఞానం ఇంకోచోట. ఆ రెంటినీ కలిపి చెప్పే గది ఒక్కటుంటే..?

అదే పేరు, టర్కీలో మ్యూజియం

ఇలాంటి గది ఊహ కాదు. టర్కీలోని ఎడిర్నే నగరానికి వెళితే అక్కడా ఓ దారుల్‌షిఫా ఉంది. వాళ్ల ఉచ్చారణలో ‘దారుష్షిఫా’. హైదరాబాద్ ఆస్పత్రి కన్నా వందేళ్లు పెద్దది. సుల్తాన్ రెండో బయాజిద్ 1488లో పూర్తి చేయించాడు. మధ్యలో గుమ్మటం, కింద ఫౌంటెన్, చుట్టూ రోగుల గదులు. నీళ్ల గలగల రోగి మనసును నెమ్మదింపజేస్తుందని వాళ్ల నమ్మకం. అంతేకాదు, పదిమంది గాయకులూ వాద్యకారులూ వారానికి మూడుసార్లు వచ్చి రోగులకు సంగీతం వినిపించేవారని పదిహేడో శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ రాశాడు. ముఖ్యంగా మతి చలించినవారికి! వాళ్లను దయ్యం పట్టిందని కొట్టే రోజుల్లో ఇక్కడ పాట వినిపించారు.

ఆ ఆస్పత్రీ ఇరవయ్యో శతాబ్దానికి పాడుబడింది. 1984లో అక్కడి ట్రాక్యా విశ్వవిద్యాలయం చేతికొచ్చింది. మరమ్మతులు చేసి 1997లో ఆరోగ్య మ్యూజియంగా మార్చారు. గదుల్లో వైద్యుడు, రోగి, వాద్యకారుల బొమ్మలు పెట్టారు. ఏ రోగానికి ఏం చేసేవారో బొమ్మలే చెబుతాయి. 2004లో యూరప్ మండలి ఏటా ఇచ్చే మ్యూజియం బహుమతి దానికే దక్కింది. సిరియా రాజధాని డమాస్కస్‌లో 1154లో నూరుద్దీన్ కట్టించిన ఆస్పత్రి కూడా 1978 నుంచి అరబ్బు వైద్య, విజ్ఞాన మ్యూజియమే.

ఫ్రాన్స్‌లోని బోన్ పట్టణానిది ఇంకా ముచ్చటైన కథ. బుర్గుండీ రాజ్య మంత్రి నికొలా రోలాఁ, ఆయన భార్య గిగోన్ కలిసి 1443లో పేదల కోసం ఆస్పత్రి స్థాపించారు. యుద్ధాలతో, కరవుతో జనం అల్లాడుతున్న కాలమది. 1452 జనవరి 1న తొలి రోగి చేరాడు. పెద్ద హాల్లో రెండు వరసల మంచాలు, వాటికి ఎర్ర తెరలు, చివర ప్రార్థన గది. మంచం మీంచే ప్రార్థన వినొచ్చు. ఆ ప్రార్థన గది కోసం ఆనాటి మేటి చిత్రకారుడు రోజియర్ వాన్ డెర్ వేడెన్‌తో ‘తుది తీర్పు’ చిత్రాన్ని గీయించారు. అదే ఆస్పత్రి 1971 దాకా... అంటే అయిదు శతాబ్దాలకు పైగా రోగుల్ని చూసింది! ఆ తర్వాత కొత్త భవనానికి రోగులు, పాత భవనానికి సందర్శకులు. బెల్జియంలోని బ్రూజ్‌లో పన్నెండో శతాబ్దపు సెయింట్ జాన్ ఆస్పత్రిదీ అదే దారి. ఆ ఆస్పత్రి కోసమే హాన్స్ మెమ్లింగ్ వేసిన చిత్రాలు ఇప్పటికీ ఆ గోడల మధ్యే ఉన్నాయి.

ఖర్చు ఎవరిది?

ఎడిర్నే, బోన్‌లకు దక్కిన అదృష్టం హైదరాబాద్‌కు ఎందుకు దక్కలేదు? జవాబు గోడల్లో కాదు, ఖాతాల్లో ఉంది.

బోన్ ఆస్పత్రికి ద్రాక్షతోటలు దానంగా వచ్చాయి. ఆ తోటల ద్రాక్షసారాయిని 1859 నుంచి ఏటా నవంబరు మూడో ఆదివారం వేలం వేస్తున్నారు. వచ్చిన సొమ్ము ఆస్పత్రికే. రాజులు మారారు, విప్లవాలొచ్చాయి, రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి. తోటలు మాత్రం కాస్తూనే ఉన్నాయి. దారుల్‌షిఫా రాజు ఖజానాను నమ్ముకుంది. రాజ్యంతోపాటే దాని రోజులూ మారాయి.

ఆస్పత్రికంటూ సొంత ఆదాయం ఉండాలన్న ఆలోచన తెలుగువాళ్లకు తెలియనిది కాదు. బోన్ కన్నా దాదాపు రెండు వందల ఏళ్ల ముందే దాన్ని రాతి మీద చెక్కించారు! 1261 నాటి మల్కాపురం శాసనం సంగతిది. కాకతీయ రాణి రుద్రమదేవి తన గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి కృష్ణ ఒడ్డున మందడం గ్రామాన్ని దానమిచ్చింది. ఆయన దాన్ని సొంతానికి వాడుకోలేదు. ఆదాయాన్ని వాటాలు వేసి గుడికి, మఠానికి, విద్యార్థులకు, సత్రానికి పంచాడు. వాటితోపాటు ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు కూడా! వైద్యుడికి, లెక్కలు రాసే కరణానికి ఏం ముట్టాలో కూడా ఏర్పాటు చేశాడు. ఆడవాళ్ల కాన్పుల కోసం ప్రత్యేకంగా ఓ శాల... ఏడున్నర శతాబ్దాల కిందట!

మందడం, ఆ పక్కనే వెలగపూడి ఇప్పుడు అమరావతి రాజధాని ప్రాంతంలో ఉన్నాయి. నిజాంసాగర్ కాలువలు పారాక కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి వర్ని, బోధన్ చుట్టూ క్యాంపులు వేసుకుని స్థిరపడ్డ కుటుంబాలకు ఈ పేర్లు బాగా తెలిసినవే. ఇంకా వెనక్కి వెళితే నాగార్జునకొండ శాసనాల్లో ‘విగతజ్వరాలయ’ అనే మాట కనిపిస్తుంది. జ్వరపీడితులు కోలుకునే చోటు అని పండితులు అర్థం చెబుతారు. అది ఇక్ష్వాకుల కాలం, అంటే మూడో శతాబ్దం. ఆ లోయ సాగర్ నీళ్లలో మునిగిపోయినా, తవ్వితీసిన శిల్పాలు, శాసనాలు ద్వీపం మీది మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. మునిగిపోతుందని ముందే తెలుసు కాబట్టి ఆరేళ్లపాటు తవ్వి కాపాడుకున్నారు.

ఆ ఒక్క మాటలోనే అసలు సంగతంతా ఉంది. పోతుందని ముందే గుర్తించినవి మిగిలాయి. ఉందిలే అనుకున్నవి పోయాయి.

ఇప్పుడు ఎవరి వంతు?

పని ఆగిపోయిన కట్టడం ఎంత త్వరగా బోసిపోతుందో బోధన్ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2015లో చక్కెర ఫ్యాక్టరీకి లేఆఫ్ ప్రకటించాక ఆ గేటు ముందు నుంచి వెళ్లిన ప్రతి చెరుకు రైతుకూ తెలుసు. ఫ్యాక్టరీకైనా ఆస్పత్రికైనా సూత్రం ఒకటే. మనుషులు వెళ్లిపోయిన మర్నాడే పాడవడం మొదలవుతుంది.

మూసీ అవతలి ఉస్మానియానే చూడండి. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో అక్కడున్న పాత అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కొట్టుకుపోయింది. ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తర్వాత ఏడో నిజాం హయాంలో విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో గుమ్మటాల భవనం లేచింది. 2020 జులైలో వాననీళ్లు వార్డుల్లోకి రావడంతో ఆ పాత భవనాన్ని ఖాళీ చేయించారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. రోగులకు కొత్త భవనం కావాల్సిందే, అందులో మరో మాట లేదు. మరి పాతదాని సంగతి? వందేళ్లపాటు తెలంగాణ పల్లెల కన్నీళ్లు చూసిన గోడలవి. బోన్‌లా మ్యూజియం అవుతుందా, దారుల్‌షిఫాలా పేరుగా మిగులుతుందా అన్నది ఇప్పుడు తీసుకునే నిర్ణయాన్ని బట్టే ఉంటుంది.

అంత దూరం ఎందుకు... నిజామాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలోనే డిచ్‌పల్లి ఉంది. కుష్ఠు సోకితే ఇంట్లోవాళ్లే ఊరవతల వదిలేసే రోజుల్లో, 1907లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చిన స్కాట్లండ్ వైద్యురాలు ఇసాబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ ఆ రోగుల కోసం నడుం కట్టారు. నిజామాబాద్ దాత నర్సాగౌడ్ భూరి విరాళంతో 1915లో డిచ్‌పల్లి విక్టోరియా ఆస్పత్రి మొదలైంది. హిడ్నోకార్పస్ గింజల నూనెను సూది మందుగా ఇచ్చి ఎంతోమందిని ఇళ్లకు పంపారు. సల్ఫోన్ మాత్రలు రాకముందు దొరికిన ఆశ ఆ నూనె ఒక్కటే. 1923లో ఇసాబెల్‌కు కైసర్-ఎ-హింద్ పతకం దక్కింది. దూరదేశపు డాక్టరమ్మ, మనూరి షావుకారు... మతం వేరు, భాష వేరు. రోగి ఒక్కడే ఇద్దరినీ కలిపాడు.

ఆ ఆస్పత్రికి 2015లో నూరేళ్లు నిండాయి. అలాంటిచోట నాటి రిజిస్టర్లు, పాత పరికరాలు, ఫొటోలు... ఏ అటక మీద ఏది దొరికినా అది జిల్లా చరిత్రే. వాటిని పాత సామాను కింద అమ్మేయకుండా చూసుకోవడానికి కోట్లు అక్కర్లేదు. ఓ గది, ఓ తాళం, బాధ్యత తీసుకునే మనిషి ఉంటే చాలు.

దారుల్‌షిఫా విషయంలోనూ ఎవరినీ కదిలించాల్సిన పనిలేదు. ఆశూర్‌ఖానా అలాగే ఉండాలి, పీర్లు లేవాల్సిన రోజున లేవాలి. భక్తి వల్లే కదా ఆ ఆవరణ ఈమాత్రమైనా మిగిలింది! మిగిలిన కమానులు కూలకుండా చూడటం, ‘ఇది 1595లో కట్టిన ఉచిత వైద్యశాల’ అని తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషుల్లో ఓ ఫలకం, పక్కనున్న మ్యూజియంలో దాని నమూనా... ఈ మూడూ చాలు. చార్మినార్ ఫొటో తీసుకుని వెనుదిరిగే పిల్లాడికి, ఈ నగరాన్ని కట్టినవాళ్లు బజారుతోపాటు దవాఖానా గురించి కూడా ఆలోచించారని తెలుస్తుంది. ఆ సంగతి తెలిసిన పిల్లాడు రేపు తన ఊళ్లో సర్కారు దవాఖానా ఎలా ఉండాలో అడుగుతాడు!

వెళ్లేదెలా?

* వర్ని నుంచి బాన్సువాడ మీదుగా గానీ, నిజామాబాద్ వచ్చి గానీ హైదరాబాద్ చేరుకోవచ్చు. రైలు ఇష్టపడేవారికి నిజామాబాద్ నుంచి కాచిగూడకు బళ్లున్నాయి. కాచిగూడ నుంచి దారుల్‌షిఫాకు ఆటోలో వెళ్లొచ్చు.

* బస్సులో వెళ్లేవారు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగితే దగ్గర. మెట్రో రైలుకూ అక్కడే స్టేషన్ ఉంది.

* సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆదివారం తెరిచే ఉంటుంది కానీ రద్దీ ఎక్కువ. పొద్దున్నే వెళితే గడియారం పన్నెండు కొట్టేలోపు రెండు మూడు గ్యాలరీలు తీరిగ్గా చూడొచ్చు.

* దారుల్‌షిఫా ఆవరణ ప్రార్థనాస్థలం. చెప్పులు బయటే వదలాలి. అనుమతి లేకుండా ఫొటోలు తీయకూడదు.

* అక్కడి నుంచి చార్మినార్ నడక దూరమే. దాని పక్కనే నిజామియా యునాని ఆస్పత్రి ఉంది. నాడి పట్టి మందిచ్చే హకీంల సంప్రదాయం అక్కడ ఇంకా కొనసాగుతోంది.